చదువు సందేహాలు: ఎవరిని అడగాలి, ఏం అడగాలి?

ప్రశ్న: ఇంటర్ వరకు తెలుగు మీడియం. ఇప్పుడు బీటెక్ రెండో సంవత్సరం. ఎం-2 (మ్యాథమెటిక్స్-2) రెండుసార్లు తప్పాను. క్లాసులో అర్థమైనట్టే ఉంటుంది, పరీక్షలో చెయ్యి ఆడదు. సార్‌ని అడిగితే ‘ఏం అర్థం కాలేదో చెప్పు’ అంటారు. అదే చెప్పలేకపోతున్నాను. ట్యూషన్‌కి వెళ్లే స్తోమత లేదు.
– నల్గొండ జిల్లా విద్యార్థి

జవాబు: ముందు ఎక్కడ ఆగిపోతున్నారో పట్టుకోవాలి. పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని, పుస్తకం మూసి, 3 గంటలు కూర్చుని రాయండి. తర్వాత తప్పిన ప్రతి లెక్క పక్కన మూడింట్లో ఒకటి రాయండి: ప్రశ్నే అర్థం కాలేదు, పద్ధతి తెలియలేదు, పద్ధతి తెలిసీ మధ్యలో తప్పాను. ఎం-2లో తప్పేవారిలో చాలామందికి మూడోదే ఎక్కువ వస్తుంది. దాని మూలం బీటెక్‌లో కాదు, ఇంటర్‌లో ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. డీవై బై డీఎక్స్ ప్లస్ వై బై ఎక్స్ ఈజీక్వల్టు ఎక్స్ స్క్వేర్. రెండువైపులా గుణించాల్సిన ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ ‘ఈ పవర్ లాగ్ ఎక్స్’ వస్తుంది, అంటే ఎక్స్. ఇంటర్‌లో లాగ్ సూత్రాలు వంటబట్టని వారు ఇక్కడే ఆగిపోతారు. ఇది దాటినవారిలో కొందరు ఎడమవైపును ఎక్స్‌తో గుణించి కుడివైపును అలాగే వదిలేస్తారు. అక్కడ ఎక్స్ క్యూబ్ రావాలి. ఇంకొందరు చివర్లో అంతటినీ ఎక్స్‌తో భాగిస్తూ ఇంటిగ్రేషన్‌లో వచ్చే స్థిరాంకం ‘సి’ని మాత్రం భాగించరు. జవాబు వై ఈజీక్వల్టు ఎక్స్ క్యూబ్ బై 4 ప్లస్ సి బై ఎక్స్. ఒకే లెక్కలో మూడు వేర్వేరు జబ్బులు, మూడింటికీ మందు వేరు.

మీ కాగితంలో ఇంటిగ్రేషన్ దగ్గరే తప్పులు కనిపిస్తే ఎం-2 పుస్తకం పక్కన పెట్టండి. తెలుగు అకాడమీ ఇంటర్ గణితం 2-బి తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం పుస్తకాలు రెండూ సీనియర్ల దగ్గరో, జిల్లా గ్రంథాలయంలోనో సంపాదించండి. సమాకలనం (ఇంటిగ్రేషన్), అవకలన సమీకరణాల (డిఫరెన్షియల్ ఈక్వేషన్స్) అధ్యాయాలు పక్కపక్కన పెట్టుకుని తెలుగులో చదివి ఇంగ్లిష్‌లో లెక్క రాయండి. రోజుకు 5 లెక్కలు చాలు, కానీ చూసి రాయకూడదు. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ వారి ఈ-కుంభ్ పోర్టల్లో ఇంజినీరింగ్ పుస్తకాలు తెలుగులోనూ ఉచితంగా దొరుకుతాయి. వాటి సిలబస్, మీ యూనివర్సిటీ సిలబస్ ఒకటే కాదు. యూనిట్లు సరిచూసుకుని, ఉన్నంతవరకే చదవండి.

ఇప్పుడు సార్ దగ్గరికి వెళ్లండి. ‘ఎం-2 అర్థం కాలేదు’ అంటే ఎంత మంచి మాస్టారైనా ఏం చెయ్యగలరు? మీరు చేసిన లెక్క చూపించి, ‘ఈ మూడో మెట్టు వరకు వచ్చాను, నాలుగోది ఎందుకిలా వచ్చింది సార్?’ అనండి. ఒక్కసారికి రెండే లెక్కలు తీసుకెళ్లండి. ముందురోజే టైము అడిగి పెట్టుకోండి. క్లాసు అయిపోగానే కారిడార్లో ఆపితే నిలబడి చెప్పేంత తీరిక ఆయనకు ఉండదు. సార్‌ని అడగడం భయమైతే మీ మెంటార్‌ని (మీకు కేటాయించిన సలహాదారు అధ్యాపకుణ్ణి) కలవండి. వెనకబడినవారి కోసం రెమెడియల్ (అదనపు) క్లాసులు పెట్టమని నలుగురు కలిసి హెచ్‌ఓడీకి (విభాగాధిపతికి) రాసివ్వండి. కాలేజీల నాణ్యతను అంచనా వేసే నాక్ గుర్తింపు కోరే కాలేజీ, వెనకబడిన విద్యార్థుల కోసం ఏం చేస్తోందో నివేదికలో చూపించాలి. కాబట్టి మీ అర్జీని తేలిగ్గా తోసెయ్యరు. ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు, మీ హక్కు.

ఒక్క మాట: వీడియోలు వరసపెట్టి చూడకండి. మాస్టారు బోర్డు మీద చేస్తుంటే మనమే చేసినట్టు అనిపిస్తుంది. పది నిమిషాలు చూసి, ఆపి, అదే లెక్క సొంతంగా చెయ్యండి.

ప్రశ్న: బీఎస్సీ బోటనీ ఫైనలియర్. ప్రాజెక్టుకు పరిశోధన పత్రాలు చదవమన్నారు. ఏది తెరిచినా డబ్బు కట్టమంటోంది.
– పార్వతీపురం విద్యార్థిని

జవాబు: డబ్బు కట్టకండి. మీ కాలేజీ లైబ్రేరియన్‌ని ‘మనకు ఎన్-లిస్ట్ ఉందా?’ అని అడగండి. గాంధీనగర్‌లోని యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ పథకంలో మీ కాలేజీ ఉంటే విద్యార్థి పేరు మీద లాగిన్ ఇప్పిస్తారు, ఇంటి నుంచే పత్రికలు, పుస్తకాలు చదువుకోవచ్చు. చాలా కాలేజీల్లో ఇది ఉన్నా అడిగేవారు లేక పడివుంటుంది.

లేకపోతే గూగుల్ స్కాలర్‌లో పత్రం పేరు వెతికి, కింద ఉండే ‘ఆల్ వెర్షన్స్’ నొక్కండి. రచయిత తన యూనివర్సిటీ సైట్లో పెట్టిన ఉచిత ప్రతి అక్కడ దొరకవచ్చు. అదీ లేకపోతే, సారాంశం పేజీలో ఉన్న రచయిత ఈమెయిల్‌కి నాలుగు లైన్లు రాయండి: మీరెవరు, ప్రాజెక్టు అంశమేమిటి, ఏ పత్రం కావాలి. పంపడానికి ఇష్టపడేవారు ఎక్కువే. శోధ్‌గంగ అనే వెబ్‌సైట్లో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉచితం. మీ అంశానికి దగ్గరున్న గ్రంథంలో పూర్వ పరిశోధనల సమీక్ష చదివితే, ఏ పత్రాలు వెతకాలో జాబితా దొరికినట్టే. కానీ ఆ వాక్యాలు ఎత్తి రాయకండి, పట్టుబడితే ప్రాజెక్టు మొత్తం పోతుంది.

ప్రశ్న: ఎన్‌పీటెల్‌ (ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) 12 వారాల కోర్సులో చేరాను. మూడు అసైన్‌మెంట్లు తప్పిపోయాయి. పరీక్ష ఫీజు కట్టడం దండగేనా?
– గుంటూరు విద్యార్థిని

జవాబు: దండగ కాదు. 12 వారాల కోర్సుకు మంచి మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్లే లెక్కలోకి తీసుకుంటారు. వారానికొకటి చొప్పున మొత్తం 12లో మీకింకా 9 ఉన్నాయి, అంటే ఇకపై ఒక్కటి మాత్రమే వదిలే వీలుంది. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. సర్టిఫికెట్ రావాలంటే మొదటిదాంట్లో 10, రెండోదాంట్లో 30 విడివిడిగా రావాలి. అసైన్‌మెంట్లలో 25కి 25 వచ్చినా పరీక్షలో 29 వస్తే సర్టిఫికెట్ రాదు.

కోర్సులో చేరడం ఉచితం, పరీక్షకు నమోదు వేరే. చాలామంది పొరపాటు ఇక్కడే: చేరాం కదా అని ఊరుకుంటారు, నమోదు గడువు దాటిపోతుంది. పేరు మీ గుర్తింపు కార్డులో ఉన్నట్టే రాయండి. ఈ మార్కులు మీ డిగ్రీలో క్రెడిట్లుగా కలవాలంటే, ఆ కోర్సును మీ కాలేజీ ఒప్పుకుంటుందో లేదో ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.