కంప్యూటర్ లేని బండి దొరుకుతుందా?

ప్రశ్న: దారిలో బండి ఆగితే మా ఊరి మెకానిక్ ‘కంప్యూటర్ పెట్టి చూడాలి, శ్రీకాకుళం తీసుకెళ్లండి’ అంటున్నాడు. కంప్యూటర్ లేని కొత్త బైకు ఉందా? – ఓ రైతు, టెక్కలి

జవాబు: పెట్రోలు బైకుల్లో ఆశ వదులుకోండి బాబూ. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే పొగ నియంత్రణ నిబంధన వచ్చాక దాదాపు అన్నింట్లో గాలి, పెట్రోలు కలిపే కార్బురేటర్ పోయి, పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్షన్, దాన్ని నడిపే ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ వచ్చాయి. పొగ తగ్గింది, అది మంచిదే. నాకు కోపమల్లా కంపెనీల మీద. లోపం చదివే స్కానర్, వైరింగ్ పటం పల్లె మెకానిక్‌కూ అందాలి కదా!

కొనేటప్పుడు బ్లూటూత్, రంగుల స్క్రీన్ వద్దనండి. ముల్లు మీటరు, కిక్కు ఉన్న 100 సీసీ బండి చూడండి. ఆగితే ముందు బ్యాటరీ, ఫ్యూజు చూపించండి. భావనపాడు వైపు తిరిగే బళ్లకు ఉప్పుగాలికి వైరు కనెక్టర్లు చిలుమెక్కుతాయి, అవీ తుడిపించండి.