ధనిక, పేద తేడా తగ్గించాలంటే ప్రభుత్వాలు ఏం చేయాలి?

పన్నులు, చదువు, వైద్యం అని అందరూ చెప్పేదే, తప్పేం లేదు. నేను మాత్రం మహారాష్ట్రలోని మా సిరొంచ నుంచి మొదలుపెడతాను. ఎండాకాలంలో మావాళ్లు తెల్లవారకముందే అడవికెళ్లి బీడీలు చుట్టే తునికాకు కోసుకొస్తారు. ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కట్టి, కల్లంలో ఆరబెడతారు. ఇంత చాకిరీ చేసినా, వెనకటి రోజుల్లో ధర మాట్లాడే హక్కు వాళ్లకు ఉండేది కాదు. గిరిజన ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ హక్కును గ్రామసభ చేతికిచ్చాయి. మా గడ్చిరోలి జిల్లాలోనే మేంఢా లేఖా ఊరికి 2009లో సామూహిక అటవీ హక్కులొచ్చాయి. 2011లో వెదురు అమ్ముకునే అధికారం కూడా ఆ ఊరి చేతికే వచ్చింది. నన్నడిగితే అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. రేషన్ బియ్యం ఆకలి తీరుస్తుంది గానీ ఆస్తి ఇవ్వదు కదా!

ఇక పన్నులు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీని, అంటే చనిపోయినవాళ్లు వదిలిన ఆస్తి మీద వేసే పన్నును 1985లో, సంపద పన్నును 2015లో ఎత్తేశారు. సబ్బు కొంటే మాత్రం కూలీకైనా కోటీశ్వరుడికైనా ఒకటే జీఎస్టీ. పెద్ద ఆస్తుల మీద వారసత్వ పన్ను మళ్లీ పెట్టి, ఆ డబ్బుతో మారుమూల తాలూకాల్లో డాక్టర్లను వేయొచ్చు. ఇప్పుడు పెద్ద ఆపరేషన్ అంటే మావాళ్లు గోదావరి దాటి వరంగల్ దాకా పోతున్నారు.