రెండో తరగతి పిల్లలకు కంప్యూటర్, ఆన్‌లైన్ జాగ్రత్తలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

హనుమకొండ దగ్గర ప్రాథమిక బడిలో చెప్పే టీచర్ అడిగిన ప్రశ్న ఇది. ముప్ఫై మంది పిల్లలు, రెండే కంప్యూటర్లు.

మొదటి నెల కంప్యూటర్ జోలికి పోకండి. బతుకమ్మ ఎట్లా పేర్చాలో పిల్లల్నే చెప్పమనండి. తాంబాళంలో ముందు ఆకులు, పైన తంగేడు, తర్వాత గునుగు, మళ్లీ తంగేడు, చివరికి గౌరమ్మ. వాళ్లు చెప్పింది చెప్పినట్టే బోర్డు మీద గీయండి. ఆకుల సంగతి మరిచిపోతే ఆకులు లేకుండానే గీయండి. తప్పు ఎక్కడుందో వాళ్లే పట్టుకుంటారు. కంప్యూటర్‌కు పని చెప్పడానికి కావాల్సిన వరుస, పునరావృతం (చేసిందే మళ్లీ చేయడం), తప్పు దిద్దుకోవడం ఆ ఒక్క ఆటలోనే వచ్చేస్తాయి. ఆ తర్వాత స్క్రాచ్ జూనియర్ చూపించండి. 5 నుంచి 7 ఏళ్ల పిల్లల కోసం చేసిన ఉచిత యాప్ అది, చదవడం రాకున్నా బొమ్మల దిమ్మెలు జరిపి కథ నడిపించొచ్చు.

జాగ్రత్తల విషయంలో నాకు ఎక్కువ టెన్షన్ ఇంట్లోని ఫోన్ గురించే. పిల్లల చేతిలో ఉండేది అమ్మ ఫోనో నాయన ఫోనో, అందులోనే యూపీఐ ఉంటుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, ఫొటో, బడి పేరు తెలియని వాళ్లకు పంపొద్దు. భయమేసేది ఏదైనా కనిపిస్తే ఫోన్ బోర్లా పెట్టి పెద్దవాళ్లను పిలవాలి. ఈ చివరిదాన్ని క్లాసులో నాటకంలా ఆడించండి.

తల్లిదండ్రులకూ ఒక మాట చెప్పండి: పిల్లలు వచ్చి చెప్పినప్పుడు కొట్టొద్దు, తిట్టొద్దు. ఒకసారి దెబ్బ తిన్న పిల్ల రెండోసారి దాచేస్తుంది. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి, పిల్లలను ఎవరైనా వేధిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయమనండి.