టెంటు వద్దు, ప్రతి వారం వెళ్లండి

అమ్మాయీ,

నీ మెసేజ్ చూశాను. విశాఖ పెదజాలరిపేటలో ఒక ఆదివారం ఉచిత వైద్య శిబిరం పెడుతున్నామని, టెంటు, బ్యానరు, ముగ్గురు డాక్టర్లు కుదిరారని రాశావు. సంతోషంగా ఉంది. కానీ 30 ఏళ్లు నర్సుగా చేసిన మీ దొడ్డమ్మ చెబుతోంది విను, ఆ టెంటు డబ్బులు మిగుల్చుకో.

అలాంటి శిబిరం నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట ఒక పేటలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బీపీ చూస్తూనే ఉన్నాం. ఒకామెకు 190 దాటింది. 10 రోజుల బిళ్లలు చేతిలో పెట్టి, తర్వాత పెద్దాసుపత్రికి వెళ్లమ్మా అని పంపేశాం. బిళ్లలయిపోయాయి, తలనొప్పి తగ్గింది, నయమైపోయిందనుకుని ఆమె మానేసింది. కొన్ని నెలలకు పక్షవాతం వచ్చి పడిపోయిందని తెలిసింది. ఇది రోజూ వేసుకోవాల్సిన మందు అని ఆమెను కూర్చోబెట్టి మేం చెప్పలేదు, మళ్లీ వెళ్లి అడగనూ లేదు. అది మా తప్పే, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే వారానికొక్క సాయంత్రం వెళ్లండి, అదే చోటికి, అదే వేళకి. పొద్దున పెట్టుకుంటే ఆడవాళ్లు దొరకరు, చేపల తట్టలతో అమ్మకానికి వెళ్లిపోతారు. ముందుగా అక్కడి ఆశా కార్యకర్తను, ఏఎన్‌ఎం నర్సును కలవండి, ఏ ఇంట్లో ఎవరికి ఏముందో వాళ్లకు తెలిసినట్టు మనకు తెలియదు. వచ్చినవాళ్లను 5 నిమిషాలు కుదురుగా కూర్చోనిచ్చి, రెండుసార్లు బీపీ చూసి, చిన్న నోటుబుక్కులో రాసి వాళ్లకే ఇచ్చేయండి. ఎండుచేపల ఉప్పు సంగతి కూడా మాట్లాడండి, కానీ తిట్టినట్టు కాదు, అది వాళ్ల ఇంటి కూర.

ఇంకో సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. ఇంట్లో డబ్బులాడని ఆ రెండు నెలల్లో ముందు ఆగిపోయేది షుగరు బిళ్లే. మార్చిలోనే వాళ్లందరి పేర్లూ దగ్గర్లోని అర్బన్ హెల్త్ సెంటర్లో రాయించండి, బీపీ, షుగరు మందులు అక్కడ ఉచితంగా ఇస్తారు.

కేజీహెచ్, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రి, 1923 నుంచీ మన ఊళ్లోనే ఉంది, అయినా ఒంటరిగా వెళ్లాలంటే ఎంతమందికి భయమో నేను చూశాను. ఓపీ చీటీ ఎక్కడ రాస్తారు, రక్తం ఏ గదిలో ఇవ్వాలి, రిపోర్టు ఎప్పుడొస్తుంది, చదువు రాని మనిషికి ఇవన్నీ టెన్షనే. ఆ రోజు బేరం పోతుంది, ఆటో ఖర్చు అదనం, మధ్యాహ్నానికి విసిగిపోయి ఇంటికొచ్చి సందులో ఆర్‌ఎంపీ దగ్గర డబ్బులిచ్చి సెలైన్ ఎక్కించుకుంటారు. కాబట్టి మీలో ఒకరు తోడు వెళ్లండి. మొదటిసారి తోడుంటే చాలు, రెండోసారి ఆమె ఇంకొకరిని వెంటబెట్టుకుని వెళ్తుంది. మీరు చేయగలిగినవాటిలో అన్నిటికన్నా పెద్ద సాయం ఇదేనని నా నమ్మకం.

ఆపరేషన్ అన్నారంటే అడ్వాన్సు కట్టకముందే ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని ఆసుపత్రిలో ప్రభుత్వ ఉచిత వైద్య పథకం చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఆ పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, పేట జనానికి పాత పేరే తెలుసు, ఆ పేరుతోనే చెప్పండి. సందేహముంటే 104కి ఫోన్ చేయండి. రెండు వారాలు దాటిన దగ్గు కనిపిస్తే వాల్తేరు ఛాతీ ఆసుపత్రి దగ్గరే. టీబీ అని తేలితే మందులు ఉచితం, చికిత్స నడిచినన్నాళ్లూ తిండి కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు, ఖాతా లేకపోతే అది కూడా మీరే తెరిపించండి.

మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా అది పక్షవాతం కావచ్చు, వెంటనే 108. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది, తెల్లారనిద్దాం అనుకునే ఇళ్లే ఎక్కువ. ఇది ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పండి.

నా దగ్గర మంచి బీపీ మిషన్ ఉంది, లావు చేతులకు సరిపోయే పెద్ద పట్టీ కూడా ఉంది. ఏ వారమో చెప్పు, మొదటి సాయంత్రం నేనూ వస్తాను. ఓ 40 నోటుబుక్కులు కొనిపెట్టు.

మీ దొడ్డమ్మ