హెడ్ కోచ్ పెద్ద కాలేజీ జట్టుకి వెళ్లిపోతే మా అబ్బాయి సంగతేంటి?

ప్రశ్న: మాది ఖమ్మం. పాతికేళ్లుగా టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు. డేటా సైన్స్‌లో డిగ్రీ అయ్యాక ఉద్యోగం చూసుకోకుండా, ఒక చిన్న డివిజన్ వన్ (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) కాలేజీలో మాస్టర్స్ చేస్తూ అక్కడి మెన్స్ బాస్కెట్‌బాల్ జట్టుకి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరాడు. ఫీజు లేదు, కొద్దిగా స్టైపెండ్ వస్తుంది. కోచ్ కావాలన్నది వాడి పట్టుదల. ఈ ఏడాది జట్టు బాగా గెలుస్తోంది. హెడ్ కోచ్‌ని ఏదో పెద్ద యూనివర్సిటీ ఎగరేసుకుపోతుందని అందరూ అంటున్నారు. ఆయన వెళ్తే మావాణ్ణి కూడా తీసుకెళ్తాడా? లేకపోతే ఉన్నది కూడా పోతుందా? వాళ్లమ్మ ఇప్పటికైనా సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేయమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: నమస్తే అండీ. మీ అబ్బాయి భవిష్యత్తంతా ఆ హెడ్ కోచ్ వెళ్తాడా లేదా అన్నదాని మీదే ఉన్నట్టు మీకు అనిపిస్తోంది. నాకు మాత్రం అది సగమే అనిపిస్తోంది. అయినా ముందు ఆ సగం సంగతి చూద్దాం.

డివిజన్ వన్‌లో 360కి పైగా మెన్స్ బాస్కెట్‌బాల్ జట్లున్నాయి. డబ్బు, టీవీ, పేరు దండిగా ఉన్నవి ఎస్‌ఈసీ, బిగ్ టెన్, బిగ్ 12, ఏసీసీ, బిగ్ ఈస్ట్ అనే ఐదు కాన్ఫరెన్సుల్లోని (కాలేజీ జట్ల లీగుల్లోని) దాదాపు 80 జట్లే. కింద నుంచి పైకి చూసే కోచ్‌లు వందల్లో ఉంటే, ఏటా మార్చిలో పైన ఖాళీ అయ్యే కుర్చీలు చాలా కొద్ది. మనకు వార్త తెలిసేసరికి అథ్లెటిక్ డైరెక్టరు (కాలేజీ క్రీడల అధికారి), కోచ్ ఏజెంటు చాలావరకు మాట్లాడేసుకుని ఉంటారు. కోచ్ కాంట్రాక్టులో బయౌట్ అని ఒకటి ఉంటుంది. గడువుకి ముందే వెళ్లిపోతే పాత కాలేజీకి కట్టాల్సిన సొమ్ము అది. మామూలుగా కొత్త కాలేజీయే భరిస్తుంది. ఆ మొత్తం ఎక్కువైతే మాటలు అక్కడే ఆగిపోవచ్చు. అందుకే “అందరూ అంటున్నారు” అన్న మాట మీద ఇప్పుడే ఏమీ కట్టుకోకండి.

ఒకప్పుడు చిన్న కాలేజీలో బాగా గెలిచిన కోచ్‌లు కొందరు తొందరపడేవారు కాదు. జిమ్ లారనేగా అనే కోచ్ 2006లో జార్జ్ మేసన్ జట్టుని ఫైనల్ ఫోర్‌కి (జాతీయ టోర్నమెంటు సెమీఫైనల్స్‌కి) తీసుకెళ్లి, ఇంకో ఐదేళ్లు అక్కడే ఉండి 2011లో మయామీకి వెళ్లాడు. షాకా స్మార్ట్ 2011లో వీసీయూ (వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీ) జట్టుతో ఫైనల్ ఫోర్ ఆడి, 2015 దాకా ఆగి టెక్సాస్‌కి వెళ్లాడు. మీ రాష్ట్రమే కాబట్టి ఆ తర్వాతి కథ మీకు తెలిసే ఉంటుంది. ఆరు సీజన్లలో అంత పెద్ద యూనివర్సిటీకి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) టోర్నమెంటులో ఒక్క గెలుపు కూడా తేలేకపోయాడు. మార్క్ ఫ్యూ 1999 నుంచి గొంజాగాలోనే హెడ్ కోచ్‌గా ఉండి, చిన్న ప్రోగ్రామ్‌నే (కాలేజీ జట్టునే) పెద్దది చేశాడు.

ఇప్పుడు అంత ఓపిక పట్టే వీలు తగ్గింది. 2021 నుంచి ఆటగాళ్లు కాలేజీ మారి ఆ మరుసటి సీజన్‌లోనే ఆడొచ్చు. అదే ఏడాది జూలై నుంచి తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా వాళ్లకి చెల్లించొచ్చు. ఈ మార్పులతో చిన్న కాలేజీ ఒక ఏడాది గెలిస్తే, మరుసటి ఏడాదికి దాని మంచి ఆటగాళ్లు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలోకి) వెళ్లిపోతున్నారు. ఈ ఏడు గెలిచిన కోచ్‌కి వచ్చే ఏడు అదే జట్టు ఉంటుందన్న నమ్మకం లేదు. పిలుపు వచ్చినప్పుడే వెళ్లిపోవడానికి అసలు కారణం ఇదే. అలా వెళ్లినవాళ్లని తప్పుపట్టలేం.

అయితే వెళ్లినవాళ్లందరూ ఒకే బలంతో వెళ్లరు. న్యూజెర్సీలో టీనెక్‌లోని ఫెయిర్లీ డికిన్సన్ మీకు తెలిసే ఉంటుంది, మనవాళ్ల పిల్లలు ఎమ్మెస్‌కి వెళ్లే కాలేజీ. 2023 మార్చిలో జాతీయ టోర్నమెంటుకి 16వ సీడ్‌గా, అంటే అన్నిటికంటే కింది ర్యాంకుతో వచ్చి, ఒకటో సీడ్ పర్డ్యూని 63-58తో ఓడించింది. అప్పటి కోచ్ టోబిన్ ఆండర్సన్ కొద్ది రోజుల్లోనే ఐయోనా యూనివర్సిటీకి వెళ్లాడు. రెండు సీజన్లు తిరిగేసరికి, 2025 మార్చిలో, ఐయోనా ఆయన్ని పంపేసింది. ఇప్పుడు బెన్ మెకాలమ్‌ని చూడండి. నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్ అనే డివిజన్ టూ కాలేజీలో 15 ఏళ్లు ఉండి నాలుగు జాతీయ టైటిళ్లు గెలిచాడు. 2024లో డ్రేక్ యూనివర్సిటీకి వెళ్లి ఒక్క సీజన్‌లో 31 మ్యాచ్‌లు గెలిచి, 2025లో బిగ్ టెన్‌లోని ఐయోవాకి చేరాడు. ప్రతి మార్పులోనూ ఆయన పద్ధతి తెలిసిన ఆటగాళ్లు కొందరు వెంట వెళ్లారు. ఒక్క మార్చి నెల వైభవంతో వెళ్లడానికీ, తన పద్ధతినీ తన మనుషుల్నీ వెంట పెట్టుకుని వెళ్లడానికీ చాలా తేడా ఉంది. మీవాడి హెడ్ కోచ్ ఎన్నేళ్లుగా గెలుస్తున్నాడు, ఆటగాళ్లు ఆయన్ని అంటిపెట్టుకుని ఉంటారా అన్నది మీవాణ్ణి అడగండి. లోపల ఉన్నాడు కాబట్టి వాడికే బాగా తెలుస్తుంది.

ఇక అసలు ప్రశ్న, మీవాణ్ణి తీసుకెళ్తాడా అన్నది. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. హెడ్ కోచ్ మారినప్పుడు ముందు వెంట వెళ్లేది అసిస్టెంట్ కోచ్‌లు, ఆ తర్వాత ఆపరేషన్స్ డైరెక్టరు, వీడియో కోఆర్డినేటరు. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పేరు వచ్చేది చివర్లోనే. అది ప్రేమ లేక కాదు. పెద్ద కాలేజీలో అప్పటికే మనుషులు ఉంటారు, ఆ కాలేజీలోనే ఆడిన పాత విద్యార్థులు కూడా అవే చోట్ల కోసం చూస్తుంటారు. కాస్త ఊరట ఏంటంటే, 2023 నుంచి ఎన్‌సీఏఏ ఒక్కో జట్టుకి అదనంగా ఇద్దరు అసిస్టెంట్లని అనుమతించింది. దాంతో పైవాళ్లు ఒక్కో మెట్టు ఎక్కితే కింద చోటు దొరుకుతోంది.

మీరు భయపడుతున్న రెండో దారి, అంటే హెడ్ కోచ్ వెళ్లినా మీవాడు ఉండిపోవడం, అంత చెడ్డదేమీ కాదు. డస్టీ మే అనే కోచ్ గురించి చెప్తాను. ఇండియానాలో కోచ్ బాబ్ నైట్ దగ్గర స్టూడెంట్ మేనేజరుగా మొదలుపెట్టాడు. తర్వాత ఎన్నో కాలేజీలు తిరిగి 2009లో లూసియానా టెక్‌లో అసిస్టెంట్‌గా చేరాడు. రెండేళ్లకే అక్కడ హెడ్ కోచ్ మారాడు. మైక్ వైట్ వచ్చాడు, డస్టీని ఉంచుకున్నాడు. 2015లో వైట్‌ని ఫ్లోరిడా పిలిచినప్పుడు డస్టీని కూడా వెంట తీసుకెళ్లాడు. 2018లో డస్టీ ఫ్లోరిడా అట్లాంటిక్‌కి హెడ్ కోచ్ అయ్యాడు, 2023లో ఆ జట్టు 35 మ్యాచ్‌లు గెలిచి ఫైనల్ ఫోర్ ఆడింది, 2024లో ఆయన్ని మిషిగన్ తీసుకుంది. ఈయన్ని పైకి తీసుకెళ్లింది తనని చేర్చుకున్న హెడ్ కోచ్ కాదు, ఆ తర్వాత వచ్చిన హెడ్ కోచ్. ఈ విషయం మీరూ మీవాడూ బాగా గుర్తుపెట్టుకోవాలి.

కొత్తగా వచ్చే కోచ్‌కి మొదటి నెలలో కావాల్సింది, ఉన్న ఆటగాళ్లలో ఎవరు ఉంటారు, ఎవరు పోర్టల్‌లోకి వెళ్తారు, ఎవరి మోకాలు ఎలా ఉంది అని చెప్పగలిగిన మనిషి. ఆ సమాచారం మీవాడి దగ్గర ఉంటుంది.

నేను పిల్లలకి ఎప్పుడూ చెప్పేది, ప్రోగ్రామ్ ఎంత పెద్దదో చూసే ముందు అక్కడ నీ చేతికి ఏ పని వస్తుందో చూడమని. ఉదాహరణకి గురువారం రాత్రి బయటి ఊళ్లో మ్యాచ్, శనివారం ఇంకో మ్యాచ్ అనుకోండి. చిన్న కాలేజీలో తిరుగు బస్సులోనే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ లాప్‌టాప్ తెరుస్తాడు. ప్రత్యర్థి గత ఐదు మ్యాచ్‌ల వీడియో ముందు పెట్టుకుని, బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) నుంచి బంతి లోపలికి వేసే ప్రతి ప్లేని (ఎత్తుగడని) కత్తిరిస్తాడు. వాళ్ల పాయింట్ గార్డు, సహచరుడు అడ్డు నిలబడే స్క్రీన్ మీదుగా ఎడమకి వెళ్తే షాట్ కొడుతున్నాడా, పాస్ ఇస్తున్నాడా అని లెక్క తీస్తాడు. తెల్లారేసరికి ఆ క్లిప్పులు అసిస్టెంట్ కోచ్ చేతిలో ఉండాలి. శనివారం అదే ప్లే ఎదురైనప్పుడు మనవాళ్లు ముందే అక్కడికి చేరితే, ఆ పని ఎవరు చేశారో హెడ్ కోచ్‌కి తెలుస్తుంది. పెద్ద ప్రోగ్రామ్‌లో ఇదే పనికి ముగ్గురు నలుగురు ఉంటే, మీవాడికి టిఫిన్ ఆర్డర్లు, ఎయిర్‌పోర్టు పికప్‌లే మిగలొచ్చు. పెద్ద పేరు రెజ్యూమెలో పనికొస్తుంది, కాదనను. కానీ ఈ రంగంలో ఉద్యోగాలు ఎక్కువగా ఫోన్ల మీదే వస్తాయి. “ఈ కుర్రాడు నాకు ఫలానా పని చేసిపెట్టాడు” అని ఒక కోచ్ ఇంకో కోచ్‌కి చెప్పాలంటే, ఆ పని అతను కళ్లారా చూసి ఉండాలి.

కాబట్టి హెడ్ కోచ్ వెంట రమ్మంటే, ఏ హోదాలో అని మీవాడు అడగాలి. వీడియో కోఆర్డినేటరో, ప్లేయర్ డెవలప్‌మెంటో, ఏదైనా జీతం వచ్చే పూర్తి ఉద్యోగమైతే నిస్సందేహంగా వెళ్లమనండి. మళ్లీ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గానే అయితే ముందు మాస్టర్స్ సంగతి తేల్చుకోవాలి. మధ్యలో కాలేజీ మారితే పూర్తి చేసిన క్రెడిట్లన్నీ కొత్త చోట చెల్లుతాయన్న హామీ లేదు. ఒక్క సెమిస్టరే మిగిలితే పాత కాలేజీలోనే ఆన్‌లైన్‌లో పూర్తి చేయనిస్తారేమో రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోమనండి. డిగ్రీని సగంలో వదిలేసి వెళ్లడానికి మాత్రం నేను ఒప్పుకోను.

వాళ్లమ్మగారి బెంగని కొట్టిపారేయకండి. ఈ దారిలో మొదటి ఏళ్ల జీతాలు తక్కువ, ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియదు. బ్రాడ్ స్టీవెన్స్ 2000లో ఎలై లిల్లీ మందుల కంపెనీలో మంచి ఉద్యోగం వదిలి బట్లర్ కాలేజీకి వచ్చాడు, 2007లో హెడ్ కోచ్ అయ్యాడు, 2010, 2011 రెండేళ్లూ ఫైనల్ ఆడించాడు. అలాంటివాళ్లు ఉన్నారని ఆవిడకి చెప్పొచ్చు, అందరికీ అలా జరుగుతుందని మాత్రం చెప్పకండి. ఇంట్లో కూర్చుని ఒక గడువు పెట్టుకోండి. మాస్టర్స్ పూర్తయ్యాక ఇంకొక్క నియామకాల సీజన్, అంటే ఆ తర్వాతి మే నెల చివరి వరకు. అప్పటికి పూర్తి ఉద్యోగం రాకపోతే డేటా సైన్స్ డిగ్రీ చేతిలో ఉంది, అప్పటికింకా పాతబడదు కూడా. ఈలోగా ఆ చదువుని జట్టు పనిలోనే వాడమనండి. పోర్టల్‌లో వందలమంది ఆటగాళ్ల గణాంకాలు జల్లెడ పట్టి పదిమందిని చూపించగల కుర్రాడు ఇవాళ ప్రతి జట్టుకీ కావాలి.

మీ అబ్బాయి అమెరికాలో పుట్టాడు కాబట్టి వీసా గొడవ లేదు. హైదరాబాద్, విజయవాడల నుంచి స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదవడానికి వెళ్లాలనుకునేవాళ్లకి ఇదే సలహా పనికిరాదు. ఆ కోర్సుకి సాధారణంగా ఓపీటీ (చదువయ్యాక పనిచేసుకునే అనుమతి) 12 నెలలే, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకు దొరికే అదనపు 24 నెలలు ఉండవు. వాళ్లు అనలిటిక్స్ వైపు నుంచి రావడం మేలు.

చివరగా ఒక్క మాట మీకు. సీజన్ నడుస్తుండగా హెడ్ కోచ్ దగ్గర ఈ ప్రస్తావన తెమ్మని మీవాణ్ణి తొందరపెట్టకండి. ఆఖరి మ్యాచ్ అయిన రెండు మూడు రోజుల్లో పది నిమిషాలు టైమ్ అడిగి, “మీరు ఎక్కడున్నా మీతో పనిచేయాలని ఉంది, ఇక్కడే ఉండాల్సి వస్తే కొత్త కోచ్‌కి నా గురించి చెప్తారా” అని నేరుగా అడగమనండి. అసిస్టెంట్ కోచ్‌లతో కూడా ఇదే మాట విడివిడిగా మాట్లాడాలి. వాళ్లలో ఒకరు ఇంకో చిన్న కాలేజీకి హెడ్ కోచ్‌గా వెళ్లొచ్చు, అప్పుడు నమ్మకమైన కుర్రాడు ఆయనకే ముందు కావాలి. ఫైనల్ ఫోర్ జరిగే ఊళ్లోనే కోచ్‌ల సంఘం వార్షిక సమావేశం కూడా జరుగుతుంది, దేశం నలుమూలల నుంచీ కోచ్‌లు వస్తారు. ఈ ఏడాది వాడికి మీరేదైనా కొనిపెట్టాలనుకుంటే, అక్కడికి విమానం టికెట్టు, హోటల్ గది ఇప్పించండి.