జామాయిల్ కటింగ్స్‌కు వేళ్లు రాకపోవడం – సమాధానం

తోటలో బాగా ఎదిగిన ఆరేళ్ల చెట్టు కొమ్మలు తెచ్చి, కటింగ్స్‌గా (నాటే కొమ్మ ముక్కలుగా) చేసి, వేళ్లు వేయించే హార్మోన్ పెట్టినా ఎండిపోతున్నాయన్నారు కదా, తప్పు హార్మోన్‌ది కాదు, కొమ్మది. జామాయిల్ ముదిరాక పైకొమ్మలకు వేళ్లు వేసే గుణం దాదాపు పోతుంది. డోసు పెంచినా లాభం లేదు.

అందరూ వదిలేసే పని: ముందు చెట్టును నరకాలి. నేల నుంచి జానెడు ఎత్తులోపు, నీళ్లు నిలవకుండా ఏటవాలుగా కోయండి. మోడు నుంచి వచ్చే పిలకల్లో లేత గుణం మళ్లీ ఉంటుంది. నరకడానికి మనసొప్పకపోతే చెట్టు మొదలు దగ్గర కొంతమేర బెరడు తీయండి, కింద నుంచి పిలకలు వస్తాయి, కాకపోతే తక్కువ.

1. 40–60 రోజుల పిలకలే కోయండి, ఉదయం పూటే. వెంటనే నీళ్లలో వేయండి.
2. ఒక్కో ముక్కకు ఒకటి రెండు జతల ఆకులుంచి, ఆకులు సగానికి కత్తిరించండి.
3. శిలీంద్రనాశినిలో ముంచి, అడుగున 4000–6000 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఐబీఏ పొడి, అంటే వేళ్లు వేయించే హార్మోన్, అద్దండి.
4. వర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే తేలికపాటి ఖనిజం) నింపిన రూట్ ట్రైనర్లలో (మొక్కలు పెంచే చిన్న గొట్టాల్లో) గుచ్చి, మిస్ట్ ఛాంబర్‌లో (నీటి తుంపర్లతో తేమగా ఉంచే గదిలో) నెలపాటు ఉంచండి. తేమ 80 శాతానికి తగ్గకూడదు.
5. తర్వాత నీడలో, ఆపై ఎండలో అలవాటు చేయండి.

ఆ చెట్టు విత్తనం మాత్రం వేయకండి. పరపరాగ సంపర్కం (వేరే చెట్ల పుప్పొడి కలవడం) వల్ల పిల్లలు తల్లిలా రావు, తోట ఎగుడుదిగుడుగా వస్తుంది.

ఇంకోటి, ఆ చెట్టు గట్టు పక్కన ఉందా? అయితే అది అంత బాగా ఎదగడం జాతి గుణం కాక, అక్కడి ఎండ, నీళ్ల పుణ్యం కావచ్చు. ఎకరాల్లో వేసే ముందు కొన్ని వరుసలు భద్రాచలం క్లోన్ల (ఎంపిక చేసిన మంచి చెట్ల నుంచి ఇలాగే పెంచిన జామాయిల్ రకాల) పక్కన నాటి పోల్చండి. ఆకుల మీద బుడిపెలు తెచ్చే గాల్ పురుగు పడుతుందేమో కూడా అక్కడే తేలుతుంది.