ఒక్క ‘లా’, ఎన్ని అర్థాలు?

ప్రశ్న: ఎస్పెరాంతో అనే కృత్రిమ భాష నేర్చుకుంటున్నాను, స్పానిష్ కాస్త వచ్చు. స్పానిష్‌లో స్త్రీలింగానికే వచ్చే ‘లా’ ఇక్కడ పురుషుడి ముందు కూడా వస్తోందేం? టోకీ పోనా అనే మరో కృత్రిమ భాషలో వాక్యం మధ్యలో కనబడే ‘లా’ కూడా ఇదేనా? దీన్ని ఎక్కడ వాడాలో తెలియడం లేదు.

జవాబు: స్పానిష్, ఫ్రెంచ్, ఇటాలియన్‌లలోని ‘లా’ (ఇంగ్లిష్ ‘ది’ లాంటి ఆర్టికల్) లాటిన్ ‘ఇల్లా’ (ఆమె, అది) నుంచి అరిగి వచ్చింది, అందుకే దానికి లింగం అంటుకుని ఉంది. అక్కడా ఓ మెలిక: ‘ఆగ్వా’ (నీళ్లు) స్త్రీలింగమే, కానీ మొదటి ‘ఆ’ను ఒత్తి పలుకుతారు కాబట్టి పుంలింగానికి వచ్చే ‘ఎల్’తో ‘ఎల్ ఆగ్వా’ అనాలి. విశేషణం మాత్రం స్త్రీలింగంలోనే ఉంటుంది: ‘ఎల్ ఆగ్వా ఫ్రియా’. ఇటాలియన్‌లో ‘లా’ సర్వనామంగానూ వస్తుంది: ‘లా రింగ్రాత్సియో’ అంటే ‘మీకు ధన్యవాదాలు’. ఎదుట ఉన్నది మగవారైనా గౌరవానికి ఆ ‘లా’నే.

1887లో ఎస్పెరాంతో సృష్టికర్త జామెన్‌హాఫ్ దాన్ని ప్రకటించినప్పుడు ఈ లింగాన్ని తీసేశారు. లా వీరో (పురుషుడు), లా వీరీనో (స్త్రీ), లా వీరోయ్ (పురుషులు): మాట మారినా ‘లా’ మారదు.

మనవాళ్లు తడబడే చోటు వేరే ఉంది. తెలుగులో ‘కుక్క వచ్చింది’ అంటే తెలిసిన కుక్కే, తెలియనిదైతే ‘ఒక కుక్క’ అంటాం. ఎస్పెరాంతోలో గుర్తు రెండోవైపు పడుతుంది: తెలిసినది ‘లా హుందో వేనిస్’, తెలియనిది ఉత్త ‘హుందో వేనిస్’. ‘ఒక’ కోసం ‘ఊను’ తగిలించకండి. ‘మీయా హుందో’ (నా కుక్క) ముందు, ఊరిపేర్ల ముందు ‘లా’ వద్దు. మరీ కష్టమైతే మొదట్లో మానేయవచ్చని ఎస్పెరాంతో వ్యాకరణంలోని 16 నియమాల్లో మొదటిదాని కిందే జామెన్‌హాఫ్ వెసులుబాటు ఇచ్చారు.

2001లో వెలువడిన టోకీ పోనాలో ‘లా’ అసలు ఆర్టికల్ కాదు, మన ‘-తే’ చేసే పని చేస్తుంది. ‘మీ మోకు లా మీ పోనా’: నేను తింటే బాగుంటాను. షరతు ముందు, ఫలితం తర్వాత. తిరగేసి ‘మీ పోనా లా మీ మోకు’ అంటే ‘బాగుంటే తింటాను’ అయిపోతుంది.

లోజ్బాన్ అనే ఇంకో కృత్రిమ భాషలో ‘లా’ పేరుకు గుర్తు: ‘లో గెర్కు’ కుక్క, ‘లా గెర్కు’ ఆ పేరున్న ఎవరో. రొమేనియన్‌లో ‘లా’ అంటే ‘-కి, -లో, దగ్గర’. నార్వేజియన్‌లో ‘లా మై సే’ అంటే ‘నన్ను చూడనివ్వు’.